గుట్టు ఎవరిది, దాపరికం ఎవరి దగ్గర?

ప్రశ్న: నమస్కారం. నా వయసు 36, అన్నయ్యకు 41. మూడేళ్ల క్రితం అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు బీమా కాగితాల కోసం ఆమె బీరువా వెతుకుతుంటే అడుగు అరలో ఒక గుడ్డసంచి కనిపించింది. అందులో అమ్మ, నేనెన్నడూ చూడని ఒక వ్యక్తి పెళ్లి దుస్తుల్లో పక్కపక్కన ఉన్న ఫోటో, అన్నయ్య జనన ధ్రువపత్రం ఉన్నాయి. ఆ పత్రంలో తండ్రి పేరు మా నాన్నది కాదు. సంచిని ఎక్కడిదక్కడ పెట్టేశాను, ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. నాన్న తొమ్మిదేళ్ల క్రితం, 53వ ఏట గుండెపోటుతో పోయారు. మా ఇద్దరినీ ఆయన ఏనాడూ వేరుగా చూడలేదు. ఆయన పోయినప్పటి నుంచి అన్నయ్య, ‘నాన్న దాటని 53 నేను మాత్రం దాటుతానా’ అని నవ్వుతూ అంటుంటాడు, ప్రతి డాక్టరుకూ నాన్న సంగతి చెప్పి ఏటా గుండె పరీక్షలు చేయించుకుంటున్నాడు. నేను కథలు రాస్తుంటాను. ఈ విషయాన్నే పేర్లు మార్చి కథగా రాస్తే ఒక పత్రిక ప్రచురణకు తీసుకుంది. నా మౌనం అబద్ధం కిందికే వస్తుందా? ప్రాణానికీ మానానికీ భంగం కలిగేచోట బొంకవచ్చని పద్యం కూడా ఉంది కదా? కథను అచ్చుకానివ్వవచ్చా? సాహిత్యంలో దాచి చెప్పడమే అందం అంటారు, మరి ఇంట్లో దాచినది ఇలా ఎందుకు కాలుస్తోంది?

సమాధానం: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మిగిలినవాటి చిక్కుముడి అందులోనే ఉంది కాబట్టి. కుమారసంభవంలో అంగిరసుడు వచ్చి శివుడికి పార్వతినిమ్మని హిమవంతుణ్ణి అడుగుతున్నప్పుడు, తండ్రి పక్కనే ఉన్న పార్వతి తల వంచుకుని చేతిలోని తామరపువ్వు రేకులు లెక్కపెడుతుంది. ఆమె మనసులో ఏముందో కాళిదాసు ఒక్క మాట కూడా చెప్పడు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వనిని, అంటే పైకి చెప్పకుండానే స్ఫురించే అర్థాన్ని, వివరిస్తూ ఈ శ్లోకాన్నే ఉదాహరించాడు. లోపలి భావాన్ని పైకి పొక్కనివ్వకపోవడానికి మన అలంకారశాస్త్రంలో అవహిత్థ అని పేరుంది, నాట్యశాస్త్రంలో భరతుడు లెక్కించిన 33 వ్యభిచారిభావాల్లో, అంటే వచ్చిపోయే మనోభావాల్లో, అదొకటి. పార్వతి దాస్తోంది, నిజమే. కానీ ఆ వేళ్లను చూసిన వారెవరికైనా ఆమె దాస్తున్నదేమిటో తెలిసిపోతుంది. కవి దాచేది దొరకడానికే దాస్తాడు, వెతికేవాడి కోసం ఆనవాలు విడిచిపెట్టి మరీ దాస్తాడు. మీ అన్నగారికైతే వెతకవలసినది ఒకటి ఉందన్న సంగతే తెలియదు. ఆయన చేతిలో ఉన్న ఆనవాలల్లా 53 అనే అంకె, దాన్ని ఆయన తన నుదుటి రాతగా చదువుకుంటున్నారు. మిమ్మల్ని కాలుస్తున్నది రహస్యం ఉండటం కాదనీ, ఒక మనిషి మీ కళ్లముందే తప్పు లెక్క మీద బతుకు నడుపుకుంటూ ఉండటమనీ నాకనిపిస్తోంది.

ఇటువంటి మౌనాన్ని అతి దగ్గరగా చూపించిన రచన అభిజ్ఞాన శాకుంతలం. రాజు నిన్ను మరిచిపోతాడన్న దుర్వాసుడి శాపం శకుంతలకు వినిపించదు, పూలు కోస్తున్న అనసూయా ప్రియంవదలకు మాత్రమే వినిపిస్తుంది. ప్రియంవద వెళ్లి కాళ్లావేళ్లా పడితే, ఆనవాలుగా ఇచ్చిన ఆభరణం కనిపించినప్పుడు శాపం తీరుతుందని ముని చెబుతాడు. ఇది మన ఇద్దరి నోటనే ఉండిపోవాలి, దాని మనసు చాలా సున్నితం అని అనసూయ అంటుంది. నవమల్లిక మీద ఎవరైనా వేడినీళ్లు పోస్తారా అని ప్రియంవద బదులిస్తుంది. అందులో కల్మషమనేది ఆవగింజంత కూడా లేదు. అత్తింటికి బయలుదేరేటప్పుడు మాత్రం ఇద్దరికీ భయం వేసి, రాజు నిన్ను గుర్తుపట్టడానికి ఆలస్యం చేస్తే ఈ ఉంగరం చూపించు అంటారు. శకుంతల ఉలిక్కిపడి, మీ అనుమానం చూస్తే వణుకు పుడుతోందే అంటుంది. భయపడకు, ప్రేమ ఎక్కువైతే మనసు కీడునే శంకిస్తుంది అని వాళ్లు మాట దాటేస్తారు. కాళిదాసు మొత్తం నాటకంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే చోటు ఇదే. నిజం పెదవి దాకా వచ్చి, అడిగిన మనిషి ఎదురుగా ఉండగానే వెనక్కి వెళ్లిపోయింది. ఆ ఉంగరం విలువ ఏమిటో తెలిసి ఉంటే శకుంతల దాన్ని అంత ఏమరుపాటుగా వేలికి ఉంచుకుని శచీతీర్థంలో చేతులు ముంచేదా? ఏడో అంకంలో మారీచ మహర్షి శాపం సంగతి చెప్పినప్పుడు గానీ, ఉంగరం చూపించమని చెలులు ఎందుకన్నారో ఆమెకు అర్థం కాలేదు.

మహాభారతంలోని దుష్యంతుడికి శాపమూ లేదు, మతిమరుపూ లేదు. అన్నీ గుర్తుండే గుర్తులేదంటాడు. రాజు నేరాన్ని తేలిక చేయడానికి కాళిదాసు శాపాన్ని తెచ్చాడని అందరూ చెప్పుకునేదే. అయితే దాచిపెట్టిన దోషం దానితో నాటకంలోంచి పోలేదు, స్వార్థపరుడి చేతిలోంచి జారి ఆప్తుల చేతుల్లోకి వచ్చింది. రాజు తన మేలు కోసం దాస్తే చెలులు శకుంతల మేలు కోసం దాచారు. నిండు కొలువులో ఆమె పడిన అవమానంలో మాత్రం తేడా లేదు.

తెలుగులో ఈ వ్యవహారానికి రెండు మాటలున్నాయి, వాటిని కలగాపులగం చేయకుండా వాడితే మీ మొదటి ప్రశ్న సగం విడిపోతుంది. ఒకటి గుట్టు, రెండోది దాపరికం. గుట్టుగా బతకడం అంటే మెచ్చుకోలు, దాపరికం అంటే మాత్రం ఎవరి దగ్గర అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మీ అమ్మగారికి ఒకప్పుడు మరొక వివాహం జరిగిందన్నది ఆమె గుట్టు. ఆ వివాహం ఎలా మొదలైంది, ఎలా ముగిసింది, ఆమె ఎంత ఏడ్చింది అన్నవి ఆమె చెప్పదలచుకుంటే చెప్పే సంగతులు. మనకు తెలియవలసిన హక్కేమీ లేదు, కన్నబిడ్డలకైనా లేదు. మీ అన్నగారి తండ్రి ఎవరన్నది అలాంటిది కాదు. అది ఆమె కథలో ఒక పుటే గానీ, ఆయన కథకు మొదటి పుట. దాన్ని ఆయన దగ్గర దాచితే దాపరికమే అవుతుంది. మీరు చేసింది అబద్ధమా అంటే, మొదటి రోజు కాదు. అన్నగారు మీ ఎదుట ‘నాన్న దాటని 53’ అన్నప్పుడు మీరూ నవ్వే ఉంటారు, ఆ నవ్వు దగ్గర మాత్రం అబద్ధానికి చాలా దగ్గరగా వచ్చారు. తప్పుపట్టడానికి అనడం లేదు. అక్కడ మరొకరైనా అదే చేసి ఉండేవారు.

మీరు తలచుకున్న పద్యం గురించి కూడా రెండు మాటలు. పోతన భాగవతంలో అది శుక్రాచార్యుడు బలికి చెప్పిన మాట, ఇచ్చిన మాటను తప్పించడానికి చెప్పిన మాట. బలి దాన్ని వినలేదు. మనం బలిని పొగుడుతూనే అవసరం వచ్చినప్పుడల్లా శుక్రుడి పద్యం అప్పజెబుతుంటాం.

కుంతి సంగతి మీ మనసులోనూ మెదిలే ఉంటుంది, రాయలేదంతే. ఉద్యోగపర్వంలో ఆమె గంగ ఒడ్డుకు వెళ్లేసరికి కర్ణుడు జపంలో ఉంటాడు. ఎండ ధాటికి వాడిన తామరదండలా, అతడి ఉత్తరీయపు నీడలో నిలబడి, జపం ముగిసేదాకా ఎదురుచూస్తుంది. పుట్టినప్పుడు కొడుకుకు నీడ ఇవ్వలేకపోయిన తల్లి ఇప్పుడు ఆ కొడుకు బట్ట నీడలో నిలబడింది. చెప్పింది నిజమే, చెప్పిన సమయమే అన్యాయం. యుద్ధం ముంచుకొచ్చాక, మిగిలిన కొడుకుల కోసం చెప్పింది. కర్ణుడు నలుగురిని చంపనని మాటిచ్చాడు గానీ పక్షం మారలేదు. అంతకుముందే కృష్ణుడి దగ్గర ఆ సంగతి విన్నప్పుడు దాన్ని ధర్మరాజుకు తెలియనివ్వవద్దని కోరినవాడూ కర్ణుడే. ఇక్కడ ఒక భేదం గమనించండి. కర్ణుడు దాచమన్నది తన విషయం, తెలిసిన మీదట తానే నిర్ణయించుకుని దాచమన్నాడు. కుంతి అన్నేళ్లూ దాచినది అతడి విషయం, అతడికి నిర్ణయించుకునే వీలే లేకుండా దాచింది. యుద్ధం ముగిశాక తర్పణాల వేళ ఆమె నోరు విప్పితే, తోడబుట్టిన అన్ననే చంపించుకున్నామని కుమిలిన ధర్మరాజు ఆడవాళ్ల మనసులో రహస్యం నిలవకూడదని శపించాడు. నోట్లో నువ్వుగింజ నానదని ఈనాటికీ ఆడవాళ్లను ఎగతాళి చేసేవారు, ఆ శాపానికి కారణం ఒక స్త్రీ రహస్యాన్ని అతిగా కాపాడటమేనన్న సంగతి మరిచిపోతుంటారు. మూడేళ్లుగా మీ నోట నానుతున్న గింజను చూస్తే ఆ శాపం పెద్దగా ఫలించినట్టు లేదు.

అమ్మ తట్టుకోలేదు, అన్నయ్య తట్టుకోలేడు అన్న భయం మీ ఉత్తరంలో పైకి లేకపోయినా వాక్యాల మధ్య ఉంది. అది సహజమే, కానీ దాన్ని పరీక్షకు పెట్టకుండా నమ్మవద్దు. 1961లో అమెరికాలో 219 మంది వైద్యులను అడిగితే, సుమారు 90 శాతం మంది రోగికి క్యాన్సర్ అని చెప్పకపోవడమే తమ పద్ధతి అన్నారు. తట్టుకోలేరన్నదే అప్పటి వాదన. 1979లో అదే ప్రశ్న అడిగితే 97 శాతం మంది చెప్పడమే తమ పద్ధతి అన్నారు. ఆ పద్దెనిమిదేళ్లలో రోగుల గుండె ధైర్యం ఒక్కసారిగా పెరిగిపోయిందా? వైద్యం మెరుగుపడింది, అది నిజం. దానితోపాటు తట్టుకోవడం తట్టుకోలేకపోవడం రోగి తేల్చుకోవలసిన విషయమని వైద్యులకు అర్థమైంది. మన ఇళ్లలో తట్టుకోలేరన్న మాట చాలాసార్లు చెప్పేవాళ్ల గురించి చెప్పుకునే మాటే.

దీన్ని బట్టి ఇవాళే అన్నగారికి ఫోన్ చేయమంటున్నానని అనుకోకండి. సత్యం పేరుతో ఇల్లు కూల్చినవాడి కథ కూడా సాహిత్యంలో ఉంది. నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1884లో ప్రచురించిన నాటకం ‘ది వైల్డ్ డక్’లో గ్రేగెర్స్ అనే ఆదర్శవాది, స్నేహితుడి సంసారం అబద్ధం మీద నిలబడి ఉందని బయటపెట్టడమే పరమధర్మంగా పెట్టుకుంటాడు. అతడు చెప్పినవేవీ కట్టుకథలు కావు. విన్న భర్త, అప్పటిదాకా కూతురిగా పెంచిన హెడ్విగ్‌ను దూరంగా నెట్టేస్తాడు, ఆ పద్నాలుగేళ్ల పిల్ల తనను తానే కాల్చుకుని చనిపోతుంది. గ్రేగెర్స్ తప్పు నిజం చెప్పడంలో లేదు. అది తన నిజం కాకపోయినా తన చేతులమీదుగానే వెలుగు చూడాలని ఉబలాటపడ్డాడు, చెప్పేశాక ఆ ఇంట్లో మిగిలిన మనుషుల బాగోగులు తన పని కాదనుకున్నాడు. మీరు కథకులు కాబట్టి మరీ జాగ్రత్తగా ఉండమంటాను. బయటపెట్టే దృశ్యం ఎంత బాగా కుదురుతుందో అన్న ఆలోచన మనలాంటి వాళ్లకు తెలియకుండానే వచ్చేస్తుంది.

ఎవరూ అడగకపోయినా ఈ భారం ఎందుకు తగ్గడం లేదని కూడా మీకు అనిపించి ఉండవచ్చు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ స్లెపియన్, ఆయన సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రహస్యాన్ని ఎదుటివాళ్ల ముందు కప్పిపుచ్చవలసిన సందర్భాల కన్నా, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు దాని మీదికి పోయే సందర్భాలే చాలా ఎక్కువ. మనిషిని కుంగదీసేది కూడా ఎక్కువగా ఆ రెండోదేనని వారు గమనించారు. కాబట్టి ఎవరూ అడగలేదు కదా అన్నది మీకు ఊరటనివ్వదు. మూడేళ్లుగా అడుగుతున్నది మీరే.

ఇక చేయవలసిన పని. మొదటి మాట అమ్మగారితోనే, ఆమె ఒంటరిగా, ఒంట్లో బాగా ఉన్న రోజున. ఆసుపత్రి మంచం పక్కన వద్దు, ఏదో గొడవ మధ్యలో ఎత్తిపొడుపుగా అసలే వద్దు. ప్రశ్నతో మొదలుపెట్టకండి. ‘అమ్మా, నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాగితాల కోసం బీరువా వెతుకుతుంటే ఆ సంచి కనిపించింది, విప్పి చూశాను, తప్పే. మూడేళ్లుగా నాకు తెలుసు. నీ మీద నాకేమీ మారలేదు’ అని చెప్పి ఆగండి. ఆమె ముందుగా కోప్పడేది సంచి విప్పినందుకే కావచ్చు. ఆ కోపాన్ని పడండి, అది న్యాయమైనదే. మరొకటి కూడా గుర్తుంచుకోండి. మీకు తెలిసింది ఒక పేరు, ఒక ముఖం, అంతే. ఆయన చనిపోయారో, విడిపోయారో, మీ నాన్నగారు ఏ మాట ఇచ్చి ఆ బిడ్డను తన బిడ్డగా చేసుకున్నారో, దీన్ని చెప్పకూడదని ఇద్దరూ కలిసి ఒట్టుపెట్టుకున్నారో మీకు తెలియదు. మీ కథలో ఈ ఖాళీలన్నీ మీరు ఊహతో నింపే ఉంటారు. అమ్మ ఎదుట ఆ ఊహలు పక్కన పెట్టండి.

అన్నగారికి చెప్పవలసింది ఆవిడే. మీరు పక్కన కూర్చోవచ్చు, మాట మాత్రం ఆమెది. ఒక్కసారికే ఒప్పుకోకపోతే కొన్ని వారాలు ఆగండి. మళ్లీ అడిగేటప్పుడు పరువు మాట, సత్యం మాట తేకుండా డాక్టరు మాట తెండి. తండ్రికిగానీ అన్నదమ్ములకుగానీ 55 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే వైద్యులు దాన్ని కుటుంబ చరిత్రగా నమోదు చేసుకుని ముప్పును ఎక్కువగా లెక్కిస్తారు. మీ అన్నగారు తనకు వర్తించని చరిత్రను ప్రతి ఏటా అప్పజెబుతున్నారు, వర్తించేది ఏమిటో చెప్పలేకపోతున్నారు. పరీక్షలు మానమని కాదు, కన్నతండ్రి ఆరోగ్యం ఎలాంటిదో తెలియనప్పుడు మానకూడదు కూడా. అన్నట్టు, ఆ 53 అనే అంకె రక్తసంబంధంగా చూస్తే మీది. అన్నయ్య గురించి ఇంత రాసిన మీరు మీ గుండె ఎప్పుడు చూపించుకున్నారో ఒక్క ముక్క రాయలేదు. ఈ ఉత్తరం చదవడం ముగించగానే ఆ పని చూడండి.

ఎంతకీ ఆమె ససేమిరా అంటే? నిజం నిలకడ మీద తెలుస్తుందిలే అని కూర్చోవడం నాకు సమ్మతం కాదు. ఈ రోజుల్లో ఒక డీఎన్ఏ పరీక్ష చాలు, అపరిచితుల ద్వారా తెలియడానికి. అప్పుడు అమ్మతో ముందుగానే చెప్పి, ఆమెకు తెలియకుండా కాక ఆమెకు తెలిసేలా, అన్నగారికి ఆయనకు చెందిన భాగం మాత్రం చెప్పండి. కన్నతండ్రి వేరు, పేరు ఇది, కాగితం ఉంది. మిగిలినది అమ్మ గుట్టు, దాన్ని అమ్మనే అడగమనండి. అన్నగారి మొదటి ప్రశ్న బహుశా తండ్రి గురించి ఉండదు, ‘నీకు ఎప్పటి నుంచి తెలుసు’ అని ఉంటుంది. మూడేళ్లు అని చెప్పండి. ఈ మధ్యనే అని తగ్గించవద్దు. ఒక దాపరికం వీడిన గంటలోనే మరొకటి మొదలైతే, ఆ తర్వాత మీరు చెప్పేది ఆయన దేన్నీ నమ్మరు.

కథ విషయంలో నా మాట కఠినంగా ఉంటుంది. సంపాదకుడికి ఇవాళే రాసి ఆపించండి. మీరు పేర్లు మార్చింది ఆ పేర్లు ఎరుగని పాఠకుల కోసం, వాళ్లకు మార్చకపోయినా తేడా ఉండదు. తెలిసిన ముగ్గురి ముందు ఆ మార్పు చెల్లదు. చాలా ఏళ్ల క్రితం మా దగ్గరి బంధువు ఒకామె జీవితంలోని సంగతిని నేనూ అలాగే పేర్లు మార్చి రాశాను. ఆమె చదివింది. తిట్టలేదు, ఏడవలేదు. ‘కాడ విరిగితే దారంతో కట్టుకున్న నా కళ్లజోడు కూడా మార్చలేదేం’ అని మాత్రం అంది. వర్ణన సజీవంగా ఉందని ఆ కళ్లజోడునే చాలామంది మెచ్చుకున్నారు. తర్వాత ఏ సంపుటిలోనూ ఆ కథను చేర్చలేదు.

రాయడం వేరు, అచ్చువేయడం వేరు. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తమ జీవితంలోని బాధాకరమైన అనుభవాల గురించి రాశారు. జరిగినదానితోపాటు దాని గురించి తమకేమనిపించిందో కూడా రాసినవారు ఆ తర్వాతి నెలల్లో విశ్వవిద్యాలయ ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. వాళ్లు రాసినది ఏ పత్రికకూ పంపలేదు. మీకు కావలసిన ఉపశమనం ఆ కథ రాసిన రోజునే కొంత దక్కి ఉంటుంది. మిగిలినది అచ్చయితే దక్కుతుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకు మాత్రం అన్నగారికి నోటితో చెప్పలేని మాటను పత్రిక చేత చెప్పించాలని మీ మనసులో ఒక మూల ఆశ ఉందేమోననిపిస్తోంది. ఆయన ఆ సంచికను ఏ ప్రయాణంలోనో తిరగేస్తూ తన పుట్టుక సంగతి చదువుకోవడం మీకిష్టమేనా? అమ్మ చెప్పి, అన్నగారు విని, ఇద్దరూ సరేనన్నాక ఆ కథను మళ్లీ రాయండి. అప్పటికి అది వేరే కథ అవుతుంది, బహుశా ఇంతకన్నా మంచి కథ అవుతుంది, ఖాళీలు ఎక్కడ వదలాలో మీకు తెలుస్తుంది కాబట్టి.

అమ్మతో మాట్లాడే రోజున ఆ సంచిని మీరు తీసి బల్లమీద పరచకండి. బీరువా తాళంచెవి ఆమె చేతికే ఇవ్వండి. తీసేది ఆమె కావాలి, ఆ ఫోటోలోని మనిషి పేరు ముందుగా పలికేదీ ఆమె కావాలి.